షట్టరు దించిన తరువాతి గంట
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మద్యం గురించి మాట్లాడమన్నారు. "హరామ్ అని ఒక్క మాట చెప్పి కూర్చో, భాయ్" అని మిత్రుడొకాయన ఎగతాళి చేసినాడు. ఆ మాట మనకు చిన్నప్పుడే చెప్పినారు. చెప్పినా మన గల్లీలలో తాగే పిల్లలు లేరా? ఉన్నారు. ఈ సభలో ఉన్న తండ్రులలో కొందరికి ఆ సంగతి తెలుసు, తెలియనట్టుంటారు.

నేను కరీంనగర్ బస్టాండు దగ్గర ఇరవై యేండ్లకు పైగా చాయ్ హోటలు నడిపిన మనిషిని. చూసిందే చెబుతాను. వైన్ షాపు తెరిచి ఉన్నంత సేపు పెద్ద గొడవ ఉండదు. పర్మిట్ రూములో కూర్చున్నవాడు కూర్చునే ఉంటాడు. గొడవంతా షట్టరు దించిన తరువాతి గంటలోనే. అందరూ ఒక్కసారే రోడ్డు మీద పడతారు. ఆకలి మీద ఉంటారు, బిర్యానీ సెంటరు దగ్గర తోసుకుంటారు. పల్లెకు పోయే ఆఖరు బస్సు ఎప్పుడో పోయి ఉంటుంది. ఆటో అతను ఎక్కించుకోడు, ఎక్కించుకుంటే రెట్టింపు అడుగుతాడు. మాటా మాటా పెరుగుతుంది, సీసా పగులుతుంది. మిగిలినవాడు మోటారుసైకిలు తీస్తాడు. రాజీవ్ రహదారి మీద మా మేనల్లుణ్ణి గుద్దినవాడు అట్లా బయలుదేరినవాడే. పిల్లవాడు బతికినాడు, అల్‌హందులిల్లాహ్. కుడి కాలు మాత్రం మోకాలి కింద లేదు.

నూరు మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే బండి నడపడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. చట్టం బాగానే ఉంది. కాని ఊదించే పోలీసు ఒకే చౌరస్తాలో నిలబడితే, గల్లీ దారులు తెలియని తాగుబోతు మన ఊళ్ళో ఎవరున్నారు?

"పూర్తిగా బందు పెట్టిస్తే పోలే" అంటారు. పెట్టి చూసినారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినారు, వర్ధినేని రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా విన్నది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. 1995లో రామారావు గారు సంపూర్ణ నిషేధం పెట్టినారు, 1997లో చంద్రబాబు నాయుడు గారు ఎత్తివేసినారు. మన ఆదిలాబాదు సోదరులకు ఇంకా దగ్గరి ముచ్చట తెలుసు. సరిహద్దు అవతలి చంద్రపూర్ జిల్లాలో 2015లో నిషేధం వచ్చింది, 2021లో పోయింది. ఆ తల్లుల పోరాటం వృథా అని నేననను. కాని 2023లో మన రాష్ట్రంలో 2,620 దుకాణాలకు లాటరీ తీస్తే, తిరిగి ఇయ్యని రెండు లక్షల ఫీజు కట్టి లక్షకు పైగా దరఖాస్తులు పెట్టినారు. ఇంత పైసా తిరిగే దుకాణం మన ధర్నాకు రేపే మూతపడదు. ఆ లోపల ఆ ఒక్క గంటను ఏం చేస్తాం?

2003లో లండన్‌లో చర్చివాళ్ళు 'స్ట్రీట్ పాస్టర్స్' అని మొదలుపెట్టినారు. రాత్రిపూట క్లబ్బుల బయట తిరుగుతూ నీళ్ళ సీసాలు ఇస్తారు, ఎత్తు మడమల జోళ్ళు చేత పట్టుకొని నడిచే ఆడపిల్లలకు రబ్బరు చెప్పులు ఇస్తారు, పడిపోయినవాడి పక్కన కూర్చుంటారు. ఇది చదివి మన కమిటీలో పెట్టినాను. ఒక పెద్దాయన లేచి, "తాగినవాడికి నీళ్ళిచ్చిన చెయ్యితో దువా ఎట్లా చేస్తావు బేటా?" అన్నారు. ఆయన నిజాయితీగానే అడిగినారు. మద్యం ఒక్క రోజున హరామ్ కాలేదు గదా అన్నాను. మొదట దానిలో లాభం కన్నా కీడు ఎక్కువని వచ్చింది, తరువాత మత్తులో నమాజు దగ్గరికి రావద్దని, ఆఖరుకు పూర్తిగా వద్దని. ఇంకొకటి కూడా అన్నాను. ఆ రాత్రి ఎవరన్నా ఆ మోటారుసైకిలు తాళంచెవి గుంజుకొని ఉంటే మావాడి కాలుండేది. పెద్దాయన జవాబు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు.

శని, ఆదివారాలు ఇషా నమాజు తరువాత ఆరుగురం బస్టాండు దగ్గర నిలబడదామని ఆలోచన. ముందుగా పోలీస్ స్టేషనులో చెప్పి వస్తాం. కొట్లాటలో తల దూర్చం. నీళ్ళు ఇస్తాం. స్పృహ లేనివాణ్ణి వెల్లకిల వదలకుండా పక్కకు తిప్పి పడుకోబెడతాం, వాంతి గొంతుకు అడ్డం పడి చచ్చేవాళ్ళున్నారు. 108కి ఫోను చేస్తాం. ఇంటికి చేర్చే ఆటోలకు ఖాయం రేటు కోసం ఆటో సంఘంవారితో మాట్లాడాలి, ఆ పని ఇంకా కాలేదు. ఇప్పటికి నలుగురమే ఉన్నాం. ఇంకా ఇద్దరు కావాలి, పాతికేండ్లు దాటినవాళ్ళయితే మేలు. పేర్లు వచ్చే ఆదివారం జొహర్ తరువాత సంఘం ఆఫీసులో రాయించండి.