జారు చేతిలో ఆస్ట్రోలేబు

సోవియట్ దర్శకుడు సెర్గేయ్ గెరాసిమొవ్ 1980లో 'పీటర్ యౌవనం' అనే చలనచిత్రాన్ని తీశారు. దానికి ఆధారం అలెక్సేయ్ టాల్‌స్టాయ్ నవల. (లియో టాల్‌స్టాయ్ వేరు, ఈయన వేరు.) రష్యా జారు పీటర్ చిన్నతనం నుంచి అధికారం వైపు సాగిన కథ అది. అలాంటి చిత్రాల్లో అంతఃపుర కుట్రలు మనల్ని ఇట్టే ఆకట్టుకుంటాయి. అయితే ఆ కుర్రవాడు అదే కాలంలో గణితం నేర్చుకున్నాడు. ఈరోజు మనం దాని గురించి చెప్పుకుందాం.

1682లో పీటర్‌కు ఇంకా పదేళ్లు నిండలేదు. అతణ్ణి జారుగా ప్రకటించిన కొద్ది రోజులకే స్త్రెల్త్సీలనే తుపాకీ సైనికులు క్రెమ్లిన్‌లో తిరుగుబాటు చేసి, అతని బంధువులను చంపారు. ఆ తర్వాత సవతి అన్న ఇవాన్‌ను కూడా జారును చేశారు. పెత్తనం మాత్రం సవతి అక్క సోఫియాది. ఇద్దరు జారుల కోసం చేసిన జంట సింహాసనాన్ని క్రెమ్లిన్ మ్యూజియంలో భద్రపరిచారు.

రాచనగరుకు దూరంగా ప్రెయొబ్రజెన్‌స్కొయె గ్రామంలో పెరిగిన పీటర్, తోటి పిల్లలతో ఆటసైన్యం నడిపాడు. దూరాన ఉన్న చోటుకు వెళ్లకుండానే దాని దూరం కొలిచే సాధనం ఒకటుందని యాకొవ్ దొల్గొరూకీ అనే ప్రభువు అతనికి చెప్పాడు. 1688లో ఫ్రాన్సు నుంచి ఒక ఆస్ట్రోలేబు తెచ్చి ఇచ్చాడు కూడా. తీరా చూస్తే దాన్ని వాడడం ఎవరికీ తెలియదు! చివరికి ఫ్రాంజ్ టిమ్మర్‌మన్ అనే డచ్చి వర్తకుడు నేర్పాడు.

దాని సూత్రం మీ పాఠంలోని త్రిభుజమే. కోట గోడకు ఎదురుగా ఒకచోట నిలబడండి. అక్కడి నుంచి గోడవైపు చూపుకు లంబంగా 100 మీటర్లు పక్కకు నడిచి, మళ్లీ గోడను చూడండి. మీరు నడిచిన గీతకూ, మీ చూపుకూ మధ్య కోణం 45 డిగ్రీలయితే గోడ 100 మీటర్ల దూరంలో ఉన్నట్టు. 87 డిగ్రీలయితే సుమారు 1,908 మీటర్లు. 88 అయితే? 2,864 మీటర్లు! ఒక్క డిగ్రీ తేడాతో ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో మీరే ఊహించండి.

ఇందుకోసం పీటర్ కూడికలు, తీసివేతలతో మొదలుపెట్టాల్సి వచ్చింది. పదహారేళ్ల జారు నోటుపుస్తకాల్లో అక్షరదోషాలు కొల్లలు. గురువుగారు కూడా గుణకారాల్లో అప్పుడప్పుడు తప్పేవారట! అదే సంవత్సరం ఇజ్మాయిలొవొలోని పాత సామాన్ల కొట్టంలో ఒక ఇంగ్లీషు పడవ దొరికింది. గాలికి ఎదురుగా కూడా సాగగలదని టిమ్మర్‌మన్ చెప్పగానే పీటర్‌కు ఓడల పిచ్చి పట్టుకుంది.

1689 ఆగస్టులో, తనను చంపడానికి వస్తున్నారన్న వార్త విని పీటర్ అర్ధరాత్రి రాత్రి దుస్తుల్లోనే గుర్రమెక్కి పారిపోయాడు. ట్రినిటీ మఠం చేరాక సైనికదళాలు ఒక్కొక్కటే అతని పక్షానికి వచ్చాయి. సోఫియాను మఠంలో నిర్బంధించారు. ఇది లెక్కలతో గెలిచిన గెలుపు కాదు, దళాలు పక్షం మార్చడంతో వచ్చినది. లెక్కల అవసరం తర్వాత పడింది. 1695లో అజోవ్ కోటను పట్టుకోలేకపోయిన పీటర్, చలికాలమంతా ఓడలు కట్టించి మరుసటి ఏడాది దాన్ని గెలిచాడు.

చదువు అతణ్ణి సాధువును చేసిందనుకోకండి. ఐరోపాలో స్వయంగా ఓడల నిర్మాణం నేర్చుకుని 1698లో తిరిగి వచ్చినవాడే, మళ్లీ తిరుగుబాటు చేసిన స్త్రెల్త్సీలను వందలకొద్దీ ఉరితీయించాడు. 1701లో మాస్కోలో గణిత, నౌకాయాన పాఠశాల తెరిచిందీ అతనే.