మగబిడ్డకు బీజం దిగకపోతే

ఈ పూట నేను చెప్పబోయే సంగతి మన ఇళ్ళలో పైకి మాట్లాడుకొనేది కాదు. కావాలంటే రేడియో శబ్దం కాస్త తగ్గించుకోండి, కట్టేయవద్దని మాత్రం మనవి.

నేను బడిపంతుల్ని. ఏడో తరగతికి సైన్సు చెబుతాను. కోలారు పక్కన మా బడిలో పాఠం కన్నడంలో, కబుర్లు తెలుగులో. ఏడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఖోఖో ఆడుతూ పన్నెండేళ్ళ పిల్లవాడు గజ్జ పట్టుకొని కూలబడ్డాడు. కడుపునొప్పి అన్నాడు. సోడా తాగించి నీడన కూర్చోబెట్టాము. అది మేము చేసిన తప్పు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకుపోతే తెలిసింది: వాడి ఎడమ బీజం పుట్టినప్పటి నుంచీ సంచిలోకి దిగనే లేదు. గజ్జలోనే ఉండిపోయి, ఆ రోజు మెలిపడి, రక్తం అందక నల్లబడింది. తీసివేయవలసి వచ్చింది.

వరండాలో వాళ్ళమ్మ నాతో అన్న మాట ఇది: "పుట్నప్పుడే తెల్సు సార్. పెద్దయితే అదే దిగుతాదన్నారు. మొగోళ్ళతో చెప్పేకి సిగ్గు."

ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. పూర్వం వైద్యులు కూడా అయిదారేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి ఆగమనేవారు. ఆ పాత మాటే మన ఊళ్ళలో ఇంకా తిరుగుతోంది.

గర్భంలో మగశిశువు బీజాలు మొదట కడుపులో, మూత్రపిండాల దగ్గర తయారవుతాయి. నెలలు నిండేసరికి గజ్జ దారిన సంచిలోకి దిగుతాయి. నూరుమంది నిండు నెలల మగబిడ్డల్లో సుమారు ముగ్గురికి ఒకటో రెండో దిగవు. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇది చాలా ఎక్కువ. వీటిలో చాలావరకు మొదటి కొన్ని నెలల్లో తామే దిగుతాయి. ఆరు నెలలు దాటితే ఆ ఆశ దాదాపు లేదు.

దిగకపోతే ఏమి నష్టమంటారా? కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి గాని, అక్కడ పనిచేసినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతున వేడి ఎట్లా ఉండేదో వారిని అడగండి. మన ఒంట్లోనూ లోపలి చోటు వేడి. బీజానికి ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి, అందుకే ప్రకృతి దానిని బయట సంచిలో పెట్టింది. లోపలే ఉండిపోతే ఏడాది దాటినప్పటి నుంచే వీర్యకణాలకు మూలమైన కణాలు తగ్గిపోతూ వస్తాయి. ముందుముందు కాన్సరు భయం కూడా కొంత ఎక్కువ. స్వీడన్‌లో ఈ ఆపరేషను అయిన సుమారు 17 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2007లో ప్రకటించారు. మామూలు మగవారితో పోలిస్తే 13 ఏళ్ళ లోపల ఆపరేషను అయినవారికి ఆ ముప్పు రెండింతలు, ఆ తరువాత అయినవారికి అయిదింతలకు పైగా కనిపించింది. అయితే ఆ జబ్బు అసలే అరుదు కాబట్టి బెంబేలు పడనక్కరలేదు.

కనుక నేటి వైద్యుల లెక్క ఇది: ఆరు నెలలకు దిగకపోతే సర్జనుకు చూపించాలి, పద్దెనిమిది నెలల లోపల ఆపరేషను కావాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆరు నెలలను కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించండి. రెండూ చేతికి తగలకపోతే మాత్రం ఆరు నెలలు కాదు, పుట్టిన రోజుల్లోనే చూపించాలి.

"అంత పసివాడికి మత్తా!" అని అవ్వలు గుండె బాదుకుంటారు. పిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న డాక్టరు ఉన్నచోటికే వెళ్ళండి, ఆ మాట అడగడానికి మొగమాటపడకండి. గజ్జలో చిన్న కోత కోసి, బీజాన్ని దించి సంచిలో కుడతారు. చాలామంది అదే రోజు ఇంటికి వస్తారు. బీజం కడుపులోనే ఉంటే సన్నని గొట్టంతో, అంటే ల్యాప్రోస్కోపుతో చూస్తారు. దించడానికి హార్మోను సూదులు ఇప్పుడు సిఫారసు చేయడం లేదు. సర్జను చేత్తో చూడకముందే స్కానింగుకు డబ్బు పోయవద్దు. మన జిల్లావారికి కోలారులో జిల్లా ఆసుపత్రి ఉంది, తమకలో 1986లో మొదలైన దేవరాజ అరసు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అడగడం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

రేపు బిడ్డకు వేన్నీళ్ళు పోసేటప్పుడు చూడండి. చలికీ బెదురుకూ పైకి జరిగి, వెచ్చగా ఉన్నప్పుడు కిందికి వచ్చి నిలిచే బీజానికి ఆపరేషను అక్కరలేదు. కాని అటువంటిది పెరిగేకొద్దీ పైనే ఉండిపోవచ్చు, ఏడాదికొకసారి చూపించాలి. బడి ఈడు పిల్లవాడు హఠాత్తుగా గజ్జలోనో పొత్తికడుపులోనో నొప్పి అంటే సోడా ఇవ్వకండి. మెలిపడిన బీజానికి ఉన్న గడువు సుమారు ఆరు గంటలు.

మా పిల్లవాడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు. మొన్న సంతలో కనబడి, ఎటో చూస్తూ పెళ్ళి సంగతి అడిగాడు. రెండోది బాగుంటే సంతానానికి సాధారణంగా అడ్డు ఉండదని డాక్టరు ఆనాడు చెప్పిన మాట చెప్పాను. కాసేపు నిలబడి, "ఆ మాట తెలుగులో రాసియ్యండి సార్, మాయమ్మకు చదివి వినిపిస్తాను" అన్నాడు. కూరగాయల సంచిలో ఉన్న కాగితం తీసి అక్కడే రాసిచ్చాను.