నాస్ పెట్టెలోనికి ఫైలు చేరనప్పుడు



దస్తావేజుల ప్రతులు, పట్టాదారు పాసుపుస్తకములు, పెండ్లి ఛాయాచిత్రములు, తాతలనాటి తాళపత్రముల చిత్రములు, ఇవి యన్నియు నేడు ఫైళ్ల రూపమున ఇండ్లలో దాచబడుచున్నవి. ఇట్టి ఫైళ్లను ఇంటిల్లిపాదియు వాడుకొనుటకై రౌటరునకు తీగతో కలిపి యుంచెడు పెట్టెను నాస్ అందురు. దానిలో ఒకటి గాని, అంతకు మించి గాని హార్డుడిస్కులును, వానిని నడపెడు చిన్న కంప్యూటరును ఉండును. కంప్యూటరునుండి గాని, ఫోనునుండి గాని ఫైలును దానిలోనికి పంపుటయే అప్‌లోడు.

ఒక్కొకప్పుడు ఫైలు చేరదు. తెరపై దోషవాక్యము కనబడును. అది చూచి, పెట్టె చెడినదని నిశ్చయించి, దానిని మొదటినుండి సిద్ధపఱచబోయి, డిస్కులలోని సర్వమును తుడిచివేసికొను వారు గలరు. రోగ మెఱుగక మందు వేయుట యెట్టిదో ఇదియు నట్టిదే. మన తార్కికులు కారణనిర్ణయమునకు అన్వయవ్యతిరేకములను చెప్పిరి. ఏది యున్నపుడు కార్యము కలుగునో, ఏది లేనపుడు కలుగదో, దానిని కారణముగా గ్రహింపవలెను. నాస్ పెట్టె విషయమునను ఈ పద్ధతియే శరణ్యము. ఒకమారు ఒకదానినే మార్చి చూడవలెను. రెండింటిని ఒక్కసారి మార్చినచో ఏది కారణమో తెలియకపోవును. దోషవాక్యమును ఉన్నదున్నట్లు, వేళతో సహా కాగితముపై వ్రాసికొనుట మొదటి పని.

రెండవ పని, చిన్న ఫైలొకటి, చిన్న ఇంగ్లీషు పేరుతో, అదే ఫోల్డరులోనికి పంపి చూచుట. అది చేరినచో త్రోవయు, అనుమతియు సరిగానున్నవి. దోషము పెద్ద ఫైలుయొక్క పరిమాణమునందో, పేరునందో, మిగిలిన చోటునందో యున్నది. చిన్నదియు చేరనిచో త్రోవను, అనుమతిని పరీక్షింపవలెను.

త్రోవ యనగా తీగ, రౌటరు, వైఫై. పెద్ద ఫైలు కొంతదూరము పోయి నిలిచిపోవుచున్నచో వైఫైని విడిచి, కంప్యూటరును తీగతో రౌటరునకు కలిపి చూడుడు. అప్పుడు చేరినచో కారణము వైఫైయే. సెకనుకు 1 గిగాబిట్ వేగముగల తీగపై సెకనుకు 125 మెగాబైట్లవఱకు పోవచ్చును. తీగలోని జంటలలో ఒకటి తెగినచో వేగము 100 మెగాబిట్లకు, అనగా సెకనుకు 12.5 మెగాబైట్లకు పడిపోవచ్చును. పంపుచున్న కంప్యూటరు నడుమ నిద్రావస్థకు పోయినను అప్‌లోడు తెగును.

పెట్టె పాతదై, కంప్యూటరు క్రొత్తదైనచో భాషాభేదము కలుగవచ్చును. విండోస్ కంప్యూటరులు నాస్ పెట్టెతో ఎస్.ఎం.బి. అను నియమావళి ననుసరించి మాటలాడును. దాని మొదటి రూపమును 2017 చివరనుండి క్రొత్తగా స్థాపించిన విండోస్ 10లో చేర్చుట మానిరి. ఆ సంవత్సరము మే నెలలో ప్రపంచమున వ్యాపించిన వాన్నక్రై అను ఉపద్రవము ఆ పాతరూపమందలి లోపమును ఆధారము చేసికొనియే ప్రాకినది. కావున పాతరూపమును కంప్యూటరులో మరల తెఱువరాదు. పెట్టెయొక్క సాఫ్టువేరును నవీకరించి, రెండవ లేక మూడవ రూపమును దానియందు ఎంచుకొనవలెను.

ఇక అనుమతి. ఫోల్డరు తెఱచుకొని ఫైళ్లు కనబడినంతమాత్రమున వ్రాయుటకు అధికారమున్నదని తలపరాదు. చదువు అధికారము వేఱు, వ్రాయు అధికారము వేఱు. అనుమతి లేదను వాక్యము వచ్చినచో, ఆ వ్యక్తికి ఆ ఫోల్డరునందు మాత్రమే వ్రాయు అధికార మీయవలెను. విసిగి, అందఱికిని అన్నింటిపై సర్వాధికారము లిచ్చుట ఇంటితాళములన్నియు తీసివేయుటతో సమానము.

చోటు సంగతి. డిస్కులో చోటున్నను ఒక్కొక్క వ్యక్తికి ఇంతయని కోటా నియమించియున్నచో, అది నిండినపుడు ఫైలు చేరదు. పాతవానిని తొలగించినను చోటు పెరుగకున్నచో, అవి చెత్తబుట్టలోనో, పెట్టె వేళవేళకు తీసికొనెడు స్నాప్‌షాట్లలోనో యున్నవని తెలియవలెను.

పెట్టెకు వెలుపల తగిలించిన డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో నున్నచో, 4 గిగాబైట్ల పరిమాణమునకు చేరిన ఫైలు దానిలో పట్టదు. 500 గిగాబైట్ల చోటు ఖాళీగా నున్నను, 6 గిగాబైట్ల పెండ్లివీడియోను అది అంగీకరింపదు. పద్ధతి మార్చుటకు డిస్కును తుడువవలసి యుండును గనుక, అందున్నవానిని ముందుగా వేఱొకచోట ప్రతి తీసికొనవలెను. ఇట్లే బ్రౌజరుద్వారా పంపునపుడు 413 అను అంకె కనబడినచో, వెబ్ సర్వరు విధించిన పరిమాణపు హద్దు దాటినదని యర్థము. ఆ ఫైలును బ్రౌజరుతో గాక, కంప్యూటరులోని భాగస్వామ్య ఫోల్డరుద్వారా పంపి చూడుడు.

చివరిది పేరు. తెలుగువారు దీనిని ప్రత్యేకముగా నెఱుగవలెను. నా పూర్వశిష్యుడొకడు తన యింటి తాళపత్రములకు చిత్రములు తీసి, గ్రంథనామము, కవిపేరు, గ్రామము, లేఖకుని వివరము అన్నియు తెలుగున ఫైలుపేరులోనే కూర్చెను. అవి విండోస్ కంప్యూటరులో చక్కగా నుండెను గాని, పెట్టెలోనికి కొన్నియే చేరెను. చేరనివాని పరిమాణము చేరినవానికంటె ఎక్కువ గాదు. చేరని దొకదాని పేరును తగ్గించి పంపగా చేరెను. మరల పొడిగింపగా చేరలేదు. అన్వయవ్యతిరేకములు రెండును సరిపడినవి. కారణమేమనగా, లినక్స్ ఆధారమున నడచు పెట్టెలలో ఫైలుపేరు సాధారణముగా 255 బైట్లకు మించరాదు. ఇంగ్లీషు అక్షరము ఒక బైటు. తెలుగున అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, ప్రతిదియు మూడేసి బైట్లు. 'శ్రీ' అను నొక్క అక్షరమే శకారము, పొల్లు, రేఫము, దీర్ఘము కలిసి 12 బైట్లగును. ఈ లెక్కను తెలుగు పేరునకు 85 గుర్తులే హద్దు. విండోస్ బైట్లను గాక గుర్తులను లెక్కించును గనుక అక్కడ 255వఱకు సాగును. నా శిష్యుడు పేర్లను వరుస సంఖ్యలుగా మార్చి, వివరములను వేఱొక పట్టికలో వ్రాసికొనగా పత్రములన్నియు చేరినవి.

ఇన్ని పరీక్షలకును మించిన నియమ మొకటి గలదు. ఫైలు పెట్టెలో చేరినదని నిర్ధారించుకొనువఱకు మూలమును చెఱపరాదు. పంపునపుడు 'కట్' అను దానిని వాడక, 'కాపీ'నే వాడుడు. చేరినపిదప రెండుచోట్లను పరిమాణము సరిచూచి, ఫైలును పెట్టెనుండియే తెఱచి చూడుడు. రెండు డిస్కులు ఒకదాని కొకటి ప్రతిబింబముగా నున్న పెట్టెయందును, పొరపాటున చెఱపినది రెండింటనుండియు పోవును. కావున మఱియొక ప్రతి ఇంటికి వెలుపల నుండుట యవసరము. తాళపత్రము పురుగుతిని రాలిపోయిన పిమ్మట, దాని చిత్రమే మనవలకు మిగులు గ్రంథము. తెరపై దోషవాక్యము కనబడినను, మూలము చేతనున్నంతకాలము నష్టమేమియు లేదు. నెమ్మదిగా ఒక్కొక్క కారణమును వెదకుటకు కావలసినంత వ్యవధి గలదు.