ఫిరంగి లెక్కల నుంచి రొట్టెల లెక్కల దాకా

ఫిరంగిని ఏ కోణంలో పేలిస్తే గుండు ఎంత దూరాన పడుతుంది? రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యానికి ఇలాంటి పట్టికలు కుప్పలుగా కావలసి వచ్చాయి. ఒక్క గుండు దారిని చేత్తో లెక్కకట్టాలంటే గంటల తరబడి పట్టేది. అందుకే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను కట్టారు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, సుమారు 30 టన్నుల బరువు!

తీరా అది సిద్ధమయ్యేసరికి యుద్ధం ముగిసింది. 1945 చివర్లో దానికి అప్పగించిన మొదటి పెద్ద పని హైడ్రోజన్ బాంబు లెక్క. వైర్లు మార్చి, స్విచ్చులు తిప్పి దాని చేత లెక్కలు చేయించింది ఆరుగురు మహిళలు. 1946లో యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు వాళ్ల ఊసే లేదు. అది నిజంగా అన్యాయం.

1950లో అదే ఎనియాక్ వాతావరణం వైపు తిరిగింది. ఒక రోజు ముందస్తు అంచనా వేయడానికి దానికి దాదాపు ఒక రోజు పట్టింది. అయినా శాస్త్రవేత్తలు పొంగిపోయారు. దారి దొరికింది కదా.

కంప్యూటర్ వ్యాపార లెక్కల వైపు తిరిగిన అసలు మలుపు మాత్రం లండన్‌లో, టీ దుకాణాలు నడిపే లయన్స్ కంపెనీలో వచ్చింది. ఆ సంస్థ సొంతంగా తయారు చేసుకున్న లియో కంప్యూటర్ 1951 నవంబరు నుంచి బేకరీ ఖర్చుల లెక్క చూసింది. తర్వాత సిబ్బంది జీతాలు, దుకాణాలకు మర్నాడు పంపాల్సిన సరుకులు, ఆపైన బయటి కంపెనీల జీతాల లెక్కలు కూడా దాని చేతికే వచ్చాయి.