ఆ తారీకు వచ్చేలోపు

(కెంచార్లహళ్ళిలో జరిగిన కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటిజం అనగానే మనకు చిన్నపిల్లలే గుర్తొస్తారు. మాట ఆలస్యంగా వచ్చిన బాబు, పిలిస్తే పలకని పాప. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళవుతారన్న ఆలోచన మనకు రాదు. ఈ రోజు మేము మాట్లాడేది ముప్పై, నలభై ఏళ్ళు వచ్చాక "నాకున్నది ఇదేనేమో" అని అనుమానం కలిగి, పరీక్షకు తారీకు అడిగి, ఎదురుచూస్తున్నవారి గురించి. అలాంటివారు మా సంఘాల్లో ఉన్నారు. వారి అనుమతితో, పేర్లు చెప్పకుండా మాట్లాడుతున్నాం.

ఒక సహోదరుడు చింతామణి టమాటా మార్కెట్టులో లెక్కలు రాస్తాడు. క్రేట్ల లెక్క ఏనాడూ తప్పడు. కానీ వేలం మొదలైతే ఆ కేకలకు అతని తల పగిలిపోతుంది. ఇంటికొచ్చి దీపం ఆర్పుకుని పడుకుంటాడు. పెళ్ళికి పిలిస్తే రాడు, వచ్చినా భోజనాలు కాకముందే వెళ్ళిపోతాడు. ఊరు అతనికి పెట్టిన పేరు పొగరుబోతు. ఇంకొక సహోదరి మాతో అన్న మాట ఇది: "ఎక్కడ నవ్వాలో నాకు తెలీదయ్యగారూ. పక్కవాళ్ళను చూసి నవ్వుతాను. సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతుంది."

పరీక్షకు ఎందుకింత కాలం పడుతుందని అడుగుతారు. ఆటిజాన్ని చూపించే రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. అనుభవం ఉన్నవారు కూర్చుని, బాల్యం నుంచి ఇప్పటిదాకా అడిగి, గమనించి తేల్చాలి. పెద్దవారిని అలా చూడగలిగినవారు తక్కువ. మనవైపు నుంచి అందరూ బెంగళూరు నిమ్హాన్స్ వైపే చూస్తారు. ఒక్కసారి పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఇది మన దేశపు బాధ మాత్రమే కాదు. ఇంగ్లండులో వైద్యుడు పంపిన 3 నెలల్లోపు పరీక్ష మొదలవ్వాలని అక్కడి మార్గదర్శకాలు చెబుతాయి. అయినా ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు అక్కడా ఉన్నారు.

మన దేశంలో ధృవపత్రం కోసం వాడే ఇసా అనే కొలబద్దలో 40 అంశాలున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు, మొత్తం 70కి చేరితే ఆటిజం కింద లెక్క. అందులో ఒక సంగతి, ఎదుటివారి కళ్ళలోకి చూస్తారా లేదా అన్నది. మేము ఇక్కడ కాసేపు ఆగాలి. మన వాడల్లో పిల్లలకు ఏం నేర్పాం? పెద్దకులంవారి ముందు తల దించుకో, కళ్ళెత్తి చూడకు అని నేర్పాం. బతకడానికి నేర్పాం. పక్కనున్న కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను కాల్చి చంపారు. 2006లో కింది కోర్టు నిందితులను విడిచిపెట్టింది, 2014లో హైకోర్టూ అదే ఖాయం చేసింది. అలాంటి నేలమీద ఒక మనిషి కళ్ళు దించుకుంటే అది పుట్టుకతో వచ్చిందా, భయంతో వచ్చిందా? డాక్టరుకు ఎవరు చెప్పాలి? కూలివాడు చూపు కలపకపోతే అణకువ అంటారు, మాట కలపకపోతే పొగరు అంటారు. మధ్యలో అసలు సంగతి ఎవరికీ కనబడదు.

భాష ఇంకో చిక్కు. అమ్మ తెలుగులో చెబుతుంది, డాక్టరు కన్నడంలో అడుగుతారు, రాసేది ఇంగ్లీషులో. "అంటీముట్టనట్టుండేవాడు" అని ఒక తల్లి చెప్పిన మాట కాగితం మీదకు వచ్చేసరికి గర్వం అయి కూర్చుంది. అందుకే మేము చెప్పేది, ఆ తారీకు వచ్చేలోపు అమ్మతో, మేనత్తతో, పెద్దక్కతో కూర్చుని రాసుకోండి. ఎప్పుడు మాట వచ్చింది, ఎవరితో ఆడుకునేవాడు, ఏ బట్ట ఒంటికి గుచ్చుకుందని ఏడ్చేవాడు, ఏ అన్నం తప్ప ముట్టేవాడు కాదు. ముసలివాళ్ళ జ్ఞాపకం మన తారీకు కోసం ఆగదు. బడి మార్కుల కాగితాలుంటే దాచండి. ఇప్పటి సంగతులూ రాయండి: ఏ రోజు ఏ శబ్దానికి ఏమైంది, నిద్ర ఎంత.

ఫోనులో ప్రశ్నలకు జవాబులిచ్చి మార్కులు చూసుకునేవారున్నారు. 2001లో కేంబ్రిడ్జిలో తయారైన 50 ప్రశ్నల పట్టిక వాటిలో పేరున్నది. అది దారి చూపగలదు, తీర్పు చెప్పలేదు. దాన్ని బట్టి మందులు కొనకండి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు, అది పోగొట్టవలసిన రోగమూ కాదు. పోగొడతామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. పెళ్ళి చేస్తే సర్దుకుంటాడనే పెద్దలకూ ఇదే మాట, ఇంకో ఇంటి ఆడపిల్ల మందు కాదు. మా పాస్టర్లకు కూడా ఒక మాట. చప్పుడు భరించలేని మనిషి చెవి దగ్గర మైకు పెట్టి దయ్యం పొమ్మని అరవడం ప్రార్థన కాదు, హింస.

చెవిలో దూది పెట్టుకోవడానికి ఏ డాక్టరు చీటీ అక్కరలేదు. ఆరాధనలో స్పీకరుకు దూరంగా, తలుపు దగ్గర ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచడానికి మాకూ ఎవరి ధృవపత్రమూ అక్కరలేదు. ఆ సహోదరుడు యజమానితో మాట్లాడి, వేలం సమయంలో గోడౌను లోపలి లెక్కకు మారాడు. జీతం తగ్గలేదు, తలనొప్పి తగ్గింది. ఆటిజం అన్న మాటే వాడలేదు, "నాకు శబ్దం పడదు" అన్నాడంతే. రేపు ఎక్కడికి పోవాలో, ఎవరు వస్తారో ముందురోజే చెప్పడం ఇంటివారు చేయగల పని. చెప్పకుండా చుట్టాలను తీసుకొచ్చి కూర్చోబెట్టకండి.

దిగులు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, వీటికి మాత్రం ఎదురుచూడకండి. వీటికి వైద్యం ఇప్పుడే ఉంది. కర్ణాటకలో మనోచైతన్య పేరుతో తాలూకా ఆసుపత్రుల్లో మంగళవారం మానసిక వైద్యం అందించే ఏర్పాటు ఉంది. ఆ వారం డాక్టరు వస్తున్నారో లేదో కనుక్కుని బయల్దేరండి. 14416 టెలిమానస్ నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు ఖర్చు లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆటిజం ఉన్న పెద్దవారిలో చావు ఆలోచనలు ఇతరులకంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అలాంటి ఆలోచన వస్తే ఆ రాత్రే ఫోను చేయండి, ఒక్కరే ఉండకండి.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన అని ధృవపత్రం వస్తే కొన్ని హక్కులు తోడవుతాయి. కాగితం వద్దనుకునేవారూ ఉన్నారు, తమ సంగతి తమకు తెలిస్తే చాలంటారు. అదీ వారిష్టమే. పరీక్షలో ఆటిజం కాదని తేలినా, పడిన బాధ అబద్ధమైపోదు.

బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న, 38 ఏళ్ళుగా వ్యాధితో ఉన్న మనిషిమీద మేము చాలా ప్రసంగాలు చేశాం. తనను నీళ్ళలోకి దించే మనిషి లేడన్నదే అతను యేసుతో చెప్పుకున్న బాధ. వచ్చే మంగళవారం మనవారిద్దరు చింతామణి ఆసుపత్రికి వెళ్తున్నారు. ఒకరి అమ్మగారికి కన్నడం రాదు. తెలుగు, కన్నడం రెండూ బాగా వచ్చి, బస్సులో ఊరికే మాట్లాడించకుండా పక్కన కూర్చోగలిగినవారు కావాలి. కూడిక అయ్యాక పేరు ఇచ్చి వెళ్ళండి.