వెనక్కి తీసుకోలేని అస్త్రం

తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలకు వన్స్‌మోర్‌లు కొడుతూ పెరిగిన తెనాలి ప్రాంతం మనది. జంపనిలో భారతం మాట్లాడటానికి ఉపోద్ఘాతం అక్కర్లేదు. నేరుగా సౌప్తిక పర్వానికి వస్తాను.

ఆత్మను ఏ ఆయుధమూ నరకలేదని యుద్ధం మొదట్లో కృష్ణుడే అర్జునుడికి చెప్పాడు. యుద్ధం ముగిశాక అదే కృష్ణుడు, మూడు వేల ఏళ్లు తోడు లేకుండా తిరగమని అశ్వత్థామను శపించాడు. ఆత్మకు చావే లేనప్పుడు అంత శాపం దేనికి?

అశ్వత్థామ గడ్డిపరక మీద బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ఆవాహన చేశాడు. అర్జునుడు అదే అస్త్రంతో ఎదురునిలిచాడు. నారదుడు, వ్యాసుడు మధ్యలో నిలబడ్డారు. అర్జునుడు తనదాన్ని వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు, పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. కృష్ణుడి శాపం వెలువడింది ఆ తర్వాతే.

ఇక్కడ కాసేపు ఆగాలి. అభిమన్యుడి భార్య ఉత్తర కడుపులో ఉన్న శిశువుకు ఎవరితోనూ పగ లేదు. ఇంకా పేరైనా లేదు. అశ్వమేధ పర్వంలో చనిపోయి పుట్టిన ఆ శిశువును చూసి కుంతి కృష్ణుడి కాళ్లావేళ్లా పడుతుంది: మా ప్రాణాలే కాదు, పాండురాజు పిండం, అభిమన్యుడి పిండం వీడిమీదే ఆధారపడ్డాయని. పిండం పెట్టే చేయి లేకపోతే పోయినవాళ్లకూ గతి లేదని నమ్మిన లోకమది. అంటే ఆ అస్త్రం పుట్టబోయేవాణ్ణే కాదు, ఎప్పుడో చనిపోయినవాళ్లనూ తాకింది. దేవతలున్న ఆ లోకంలో ఆత్మకు హాని చేయడానికి ఇంతకంటే దగ్గరగా వెళ్లిన ఆయుధం నాకు కనిపించదు.

నేను ఎక్కువగా ఆలోచించేది మాత్రం ద్రోణుడి గురించి. ప్రాణాపాయంలోనూ ఈ అస్త్రాన్ని మనుషుల మీద ప్రయోగించొద్దని కొడుకు అశ్వత్థామకు చెప్పాడు. సత్పురుషుల దారిలో నువ్వు నిలబడేవాడివి కావనీ ఆయనే అన్నాడు. అన్నీ తెలిసి అస్త్రం చేతిలో పెట్టాడు. పుత్రప్రేమ మనకు అర్థమవుతుంది, కానీ ఆ ప్రేమకు వెల చెల్లించింది ఉత్తర. అరణ్యపర్వంలో అర్జునుడు అన్నగారికి చూపించడానికి దివ్యాస్త్రాలు తీయబోతేనే భూమి కంపించింది, నారదుడు వచ్చి వారించాడు. వేడుకకు కూడా తీయకూడని వస్తువులవి.

ఇది పురాణంతో ముగిసిన కథ కాదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద బాంబులు పడ్డప్పుడు తల్లుల కడుపుల్లో ఉన్న పిల్లల్లో కొందరు చిన్న తలలతో, బుద్ధిమాంద్యంతో పుట్టారు. ఉత్తర బిడ్డ పరీక్షిత్తును బతికించినట్టు వాళ్లను కాపాడటానికి అక్కడ కృష్ణుడు లేడు.

అస్త్రం విడిచినవాడిది పాపమే. వెనక్కి తీసుకునే నిష్ఠ లేని చేతికి దాన్ని అందించినవాడిది అంతకంటే పెద్ద పాపమని నా తీర్పు.

ఈ చుట్టుపక్కల నాటకాలాడే మిత్రులకు ఒక విన్నపం. రాయబారంతో ఆగిపోకండి. తిక్కన తెలుగు చేసిన సౌప్తిక, అశ్వమేధ పర్వాల్లోని ఈ ఘట్టాలను కూడా మన రంగస్థలం ఎక్కించండి.