మామూలు కారు – దూరపు పరీక్ష



యానాం నుంచి పుదుచ్చేరికి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడు అప్పుడప్పుడు లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తుంటాడు. ఒక ఆదివారం వచ్చి, "మాస్టారూ, నాన్నగారు తమ పాత మారుతి 800 నాకిచ్చేశారు. దాంతో ర్యాలీకి వెళ్లాలనుంది. కొంత డబ్బు దాచుకున్నాను. ముందు పెద్ద సైలెన్సరు వేయించమంటారా, వెడల్పు చక్రాలు వేయించమంటారా?" అని అడిగాడు.

"బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?" అని అడిగాను. అతనికి తెలియదు. ఈనాటి ప్రసంగం ఆ కుర్రవాడికి నేనిచ్చిన జవాబే.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ర్యాలీ అనగానే దుమ్ము రేపుకుంటూ దూసుకుపోవడమే గుర్తుకొస్తుంది. అటువంటివి ఉన్నాయి. వాటిని మూసివేసిన దారుల మీద, ప్రత్యేక రక్షణ ఏర్పాట్లతో నడుపుతారు. కాని మనలాంటి వారికి అందుబాటులో ఉన్నది వేరొకటి. దాన్ని కాలం–వేగం–దూరం పోటీ అంటారు. నిర్వాహకులు ఒక దారిపటం ఇస్తారు. ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి గంటకు 40 కిలోమీటర్ల సగటుతో రమ్మంటారు. ఆలస్యమైతే మార్కులు పోతాయి, ముందుగా వచ్చినా పోతాయి. చాలా పోటీల్లో ముందు వచ్చినవారికే ఎక్కువ పోతాయి. అంటే ఇక్కడ గెలిపించేది వేగం కాదు, లెక్క. స్టీరింగు పట్టినవారితో పాటు పక్కన కాగితం, గడియారం పట్టుకుని కూర్చున్నవారు కూడా సమానంగా పోటీదారులే.

అనుమతి లేకుండా ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద స్నేహితులతో పందెం వేయడం ర్యాలీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వపు రాతపూర్వక అనుమతి లేని పందెం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ దారి మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్లే మరక్కాణం ఉప్పుమళ్ల కూలీకి మీ పందెంతో ఏం సంబంధం?

మామూలు కార్లు దూరపు పరీక్షల్లో గెలుస్తాయా అని మీకు సందేహం రావచ్చు. 1968 నవంబరు 24న లండన్ నుంచి సిడ్నీకి ఒక మహా ర్యాలీ బయలుదేరింది. ఇస్తాంబుల్, టెహరాన్, కాబూల్ దాటి ఢిల్లీకీ, అక్కడి నుంచి బొంబాయికీ వచ్చింది. బొంబాయిలో కార్లను ఓడ ఎక్కించి ఆస్ట్రేలియాకు తరలించారు. మొత్తం పోటీ దూరం సుమారు 16,000 కిలోమీటర్లు. చివరి రోజున ముందంజలో ఉన్న సిట్రోయెన్ కారు ఎదురుగా వచ్చిన మరో కారును ఢీకొని ఆగిపోయింది. గెలిచింది ఆండ్రూ కోవన్ బృందం నడిపిన హిల్‌మన్ హంటర్. అది ఇంగ్లండులో గుమాస్తాలు, ఉపాధ్యాయులు కొనుక్కునే కుటుంబపు కారు. దాన్ని పోటీ కోసం దృఢంగా సిద్ధం చేశారు. అందుకే అది చివరిదాకా నిలిచింది. మన దేశంలో 1980లో హిమాలయన్ ర్యాలీ, 1999లో రెయిడ్ డి హిమాలయ మొదలయ్యాయి. అవి కూడా నిలకడకు పరీక్షలే.

ఇక కారు దగ్గరికి వద్దాం. మొదటి పాఠం బ్రేకులు. ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 1994లో నేనూ, ఒక మిత్రుడూ కలిసి అతని నాన్నగారి కారులో ఇలాంటి ఒక పోటీకి వెళ్లాం. ఇంజను ఆయిల్ మార్చాం, కారును అద్దంలా తుడిచాం, తలుపుల మీద అంకెలు అంటించాం. బ్రేక్ ఆయిల్ మాటే తలపెట్టలేదు. ఏర్కాడు కొండ దిగుతుంటే ఒక మలుపులో పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. మిత్రుడు చేతి బ్రేకు లాగాడు. కారు పక్కనున్న ఇసుక కుప్పలోకి దూసుకెళ్లి ఆగింది. ఆ కుప్ప లేని చోట అవతల ఉన్నది లోయ.

ఎందుకలా జరిగింది? ఇద్దరు మనుషులతో కారు బరువు 800 కిలోలు అనుకుందాం. వంద మీటర్ల ఎత్తు దిగితే అది కోల్పోయే స్థితిజశక్తి 800 × 9.8 × 100, అంటే 7,84,000 జౌళ్లు. బ్రేకుల్లో 10 కిలోల ఇనుము ఉందనుకోండి. ఇనుము విశిష్టోష్ణం సుమారు 460. ఈ శక్తంతా బ్రేకులకే పోతే వాటి ఉష్ణోగ్రత 170 డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి గాలి కొంత చల్లబరుస్తుంది. కాని కొండ వంద మీటర్లతో అయిపోదు కదా! బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడల్ మెత్తబడడానికి కారణం అదే. అందుచేత ఏ పోటీకైనా ముందు కొత్త ఆయిల్ పోయించి, గొట్టాల్లో గాలి లేకుండా తీయించండి. కొండ దిగేటప్పుడు రెండో గేరులో ఉండండి. ఆ శక్తిలో కొంత భారం ఇంజను మోస్తుంది.

రెండో పాఠం దూరపు మీటరు. మారుతి 800 టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. టైరు మందం 5 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 498కి తగ్గుతుంది. చుట్టుకొలత రెండు శాతం తగ్గుతుంది. అప్పుడు మీటరు 100 కిలోమీటర్లు చూపించినా మీరు నిజంగా నడిచింది 98 మాత్రమే. గంటకు 40 చొప్పున ఆ రెండు కిలోమీటర్లకు మూడు నిమిషాలు పడుతుంది. క్షణాలు లెక్కపెట్టే పోటీలో మూడు నిమిషాలంటే ఓటమే. దీనికి ఖర్చేమీ లేదు. పది కిలోమీటరు రాళ్లు దాటేదాకా నడిపి, మీ మీటరు ఎంత చూపించిందో రాసుకోండి. ఆ నిష్పత్తితో సరిచేసుకోండి. టైర్లలో గాలి మాత్రం ప్రతిసారీ ఒకే పీడనంలో ఉండాలి.

మూడో పాఠం పుదుచ్చేరి వాళ్లకు ప్రత్యేకం. మన ఊరి గాలిలో ఉప్పుంది. బ్యాటరీ కొసల మీద, తీగలు కారు ఒంటికి కలిసే చోట తుప్పు పడుతుంది. అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. రెండు హెడ్‌లైట్లు కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. దాదాపు 0.9 వోల్టు అక్కడే పోతుంది. దీపానికి 12 బదులు 11 వోల్టులే అందుతాయి. తంతు బల్బు వెలుగు వోల్టేజి కంటే చాలా త్వరగా తగ్గుతుంది కాబట్టి పోయే వెలుగు సుమారు నాలుగో వంతు. కొత్త దీపాలు కొనే ముందు గరుకు కాగితంతో ఆ కొసలు రుద్ది, వాజలీను పూయండి.

నాలుగోది, కారులో వదులుగా ఏదీ ఉండకూడదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నో ఢీకొని సెకనులో పదో వంతులో ఆగితే రుణత్వరణం గురుత్వ త్వరణానికి ఇరవై రెట్లు. వెనక సీటు కింద పడి ఉన్న రెండు కిలోల జాకీ 40 కిలోల బరువుగా మీ మెడ మీదికి వస్తుంది. జాకీ, స్టెప్నీ, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె అన్నీ బిగించి ఉండాలి. సీటు బెల్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మిగిలినవి మీ మెకానిక్కుకు తెలిసినవే. రేడియేటరు గొట్టాలు పగుళ్లు లేకుండా ఉండాలి, ఫ్యాను బెల్టు బిగువుగా ఉండాలి, షాక్ అబ్జార్బర్లు కారకూడదు, ఇంజను కింద రాళ్లు తగలకుండా ఇనుప రేకు ఉండాలి. పోటీకి ముందు కారును ఒక పెద్ద ప్రయాణానికి తీసుకెళ్లండి. చెన్నై, నెల్లూరు, ఒంగోలు, విజయవాడల మీదుగా యానాం వెళ్లి రండి. ఒకవైపే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన ఉంటుంది. తొందరపడకుండా, మధ్యలో ఒక రాత్రి నిద్రపోయి, అలసటను కూడా లెక్కలో వేసుకుని వెళ్లండి. కారులో ఉన్న లోపాలన్నీ ఆ దారే చెబుతుంది.

ఆ కుర్రవాడు సైలెన్సరు కొనలేదు. బ్రేక్ ఆయిల్ మార్పించాడు. బయటికి తీసిన పాత ఆయిల్‌ను ఒక సీసాలో పోసి నాకు చూపించడానికి తెచ్చాడు. అది కాఫీ డికాక్షన్‌లా ఉంది. "మాస్టారూ, దీంతోనే మా నాన్నగారు ఇన్నాళ్లూ అమ్మను, చెల్లిని ఎక్కించుకుని తిరిగారు" అన్నాడు.

ర్యాలీ నేర్పే అసలు విషయం అదే. మీలో చాలామంది ఏ ర్యాలీకీ వెళ్లకపోవచ్చు. అయినా ఈ సాయంత్రం ఇంట్లో ఉన్న కారో, స్కూటరో దగ్గరికి వెళ్లి, బ్రేకుల సంగతి ఒక్కసారి అడిగి తెలుసుకోండి.

సెలవు.